సాలో: ఫోన్ల ఊరు ఫోన్లు పోయాక ఏం చేసింది

నేను ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అందులో ఎక్కువ కాలం చెన్నై దగ్గరి శ్రీపెరంబుదూరు నుంచి తడ, శ్రీసిటీ దాకా ఉన్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లోనే గడిచింది. మనుషుల్ని పనిలోకి ఎలా తీసుకోవాలో మాకు కాలేజీలోనూ నేర్పారు, ఉద్యోగంలోనూ నేర్పారు. ఫ్యాక్టరీ మూసేసే రోజు ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు, అది టెన్షన్‌లో, లాయరు ఫోన్‌లో చెప్పింది రాసుకుంటూ, అప్పటికప్పుడు చేసే పనిలాగానే జరిగిపోతుంది. అందుకే కొత్తగా చేరిన వాళ్లకు క్లాస్ తీసుకోమని అడిగినప్పుడల్లా నేను ఒకే ఊరిని కేసుగా చెబుతాను. ఫిన్లాండ్‌లో సాలో అని ఒక చిన్న ఊరు. ఈసారి నోటితో చెప్పి వదిలేయకుండా మొత్తం రాసి పెడుతున్నాను.

ముందు ఊరి గురించి. సాలో హెల్సింకీకి పడమరగా 115 కిలోమీటర్ల దూరంలో, తుర్కు నగరానికి 50 కిలోమీటర్ల ఇవతల, ఆ రెండు నగరాలనీ కలిపే రైలు దారి మీద ఉంటుంది. ఊరి మధ్యలో ఉస్కెలా నది పారుతుంది, పెద్ద సంత మైదానం ఉంది, వేసవిలో గురువారం సాయంత్రం సంతకి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వస్తారు. మంచి పంట భూములు. బీట్ దుంపల నుంచి పంచదార తీసే ఫ్యాక్టరీ ఒకటి చాలా ఏళ్లు నడిచి 2000 తర్వాతి దశకంలో మూతబడింది. ఇప్పుడు సాలోలో భాగమైన తెయ్యో లాంటి పల్లెల్లో 17వ శతాబ్దం నుంచి ఇనుప కార్ఖానాలు ఉండేవి. అంటే ఇది ఫోన్లతో పుట్టిన ఊరేమీ కాదు, దానికి ముందే ఇక్కడి మనుషులకు యంత్రం పక్కన నిలబడి పని చేయడం అలవాటు.

ఎలక్ట్రానిక్స్ ఈ ఊరికి 1928లో వచ్చింది. నోర్డెల్, కోస్కినెన్ అనే ఇద్దరు కలిసి రేడియోలు తయారు చేసే చిన్న కంపెనీ పెట్టారు. అది తర్వాత సలోరా అయింది, సాలో పేరూ రేడియో పేరూ కలిపిన మాట. యుద్ధం తర్వాత రేడియోలు, 1950ల చివర నుంచి టీవీలు. ఒక తరం తర్వాత ఇంకో తరం సన్నటి తీగలు అతకడం, సర్క్యూట్ పరీక్షించడం, తప్పు ఎక్కడుందో చెవితో, కంటితో పట్టుకోవడం నేర్చుకుంది. ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదేనని నా ఉద్దేశం, చాలామంది కథని నోకియాతో మొదలుపెట్టి దీన్ని వదిలేస్తారు.

1979లో నోకియా, సలోరా చెరి సగం పెట్టుబడితో మొబిరా అనే కంపెనీ పెట్టాయి. నార్డిక్ దేశాల మొబైల్ నెట్‌వర్క్ 1981-82లో మొదలయ్యేసరికి వీళ్ల దగ్గర కారు ఫోన్ సిద్ధంగా ఉంది. మొబిరా సెనేటర్ దాదాపు పది కిలోల బరువు. 1987లో వచ్చిన సిటీమాన్ ఒక కిలోలోపే ఉండేది. సోవియట్ నేత గోర్బచేవ్ హెల్సింకీలో ఉండగా ఆ ఫోన్‌లో మాస్కోకి మాట్లాడారు, అప్పటి నుంచి ఫిన్లాండ్‌లో దానికి గోర్బా అనే ముద్దుపేరు వచ్చింది. 1984లోనే సలోరా నోకియా చేతికి వెళ్లింది, మొబిరా కాస్తా నోకియా మొబైల్ ఫోన్స్ అయింది, 1992లో మొదటి జీఎస్ఎం ఫోన్ వచ్చింది. ఆ తర్వాత కథ మనందరికీ తెలిసిందే, మన ఇళ్లలో మొదటి సెల్‌ఫోన్ చాలామందికి నోకియాయే.

సాలోలో మెరినీట్టి అనే పేటలో ఫ్యాక్టరీ, పక్కనే డిజైన్ చేసే ఇంజనీర్లు. మంచి రోజుల్లో సుమారు 5,000 మంది అక్కడ పని చేశారు. తుర్కు నుంచి కూడా రోజూ వచ్చి వెళ్లేవాళ్లు. లైన్ మీద ఆడవాళ్లు ఎక్కువ, మన శ్రీపెరంబుదూరు లైన్ల లాగే. అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర లైన్ మీద ఉన్నవాళ్లు ఇరవై ఏళ్ల అమ్మాయిలు, మూడు నాలుగేళ్లు చేసి పెళ్లయ్యాక మానేసేవాళ్లే ఎక్కువ. అక్కడ అదే లైన్ మీద ఇరవై, పాతికేళ్లు చేసినవాళ్లు ఉన్నారు. అమ్మ సలోరాలో, కూతురు నోకియాలో చేసిన ఇళ్లున్నాయి.

ఊరి ఆదాయం ఎలా నడుస్తుందో తెలియకపోతే ఆ తర్వాత జరిగింది అర్థం కాదు. ఫిన్లాండ్‌లో మునిసిపాలిటీకి మన మునిసిపాలిటీ కన్నా చాలా ఎక్కువ బాధ్యత ఉంటుంది. బడులు, పసిపిల్లల సంరక్షణ, 2022 చివరి దాకా ఆసుపత్రి ఖర్చు కూడా దానిదే. డబ్బు ప్రధానంగా అక్కడ ఉండేవాళ్ల జీతాల మీద వేసే స్థానిక ఆదాయపు పన్ను నుంచి వస్తుంది, దానితో పాటు కంపెనీలు కట్టే పన్నులో ఒక వాటా. ఊళ్లో నోకియా లాంటి కంపెనీ లాభాల్లో ఉంటే ఈ రెండో వాటా పొంగిపొర్లుతుంది. అందుకే సాలోకి ఆ రోజుల్లో డబ్బుకి కొదవ లేదు. 2009 జనవరిలో సాలో, చుట్టూ ఉన్న హలిక్కో, పెర్నియో లాంటి తొమ్మిది మునిసిపాలిటీలు కలిసి ఒకటే అయ్యాయి, జనాభా సుమారు 55 వేలు. అలా కలిసినప్పుడు అయిదేళ్ల పాటు మునిసిపల్ ఉద్యోగుల్ని ఆర్థిక కారణాలతో తీసేయకూడదని చట్టం. మంచి చట్టమే, దాని ఉద్దేశమూ నాకు నచ్చుతుంది. అయితే ఆ అయిదేళ్లు సరిగ్గా నోకియా కూలిన అయిదేళ్లే అయ్యాయి. రాబడి పడిపోతుంటే జీతాల ఖర్చు అలాగే నిలబడింది.

ఇక మూసివేత

2007లో ఐఫోన్ వచ్చింది, ఆ తర్వాత ఆండ్రాయిడ్. నోకియా తన ఫోన్లలోని సింబియన్ అనే పాత సాఫ్ట్‌వేర్‌ని పట్టుకుని ఆలస్యం చేసింది, 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ దారి పట్టింది. ఆ వ్యాపార తప్పుల మీద చాలామంది రాశారు, నేను అటు వెళ్లను. నా కేసు మనుషుల సంగతి.

ఫిన్లాండ్‌లో పెద్ద కంపెనీ పదిమందికి పైగా ఉద్యోగుల్ని తీసేయాలంటే ముందు ఉద్యోగుల ప్రతినిధులతో చర్చలు జరపాలి, అప్పట్లో కనీసం ఆరు వారాలు. అక్కడివాళ్లు దాన్ని రెండక్షరాల పొట్టి పేరుతో పిలుస్తారు, యూ-టే అని. ఇంట్లో భోజనం దగ్గర ఆ మాట వినబడిందంటే పిల్లలకి కూడా అర్థమవుతుంది. 2012 ఫిబ్రవరిలో నోకియా సాలో, హంగరీలోని కొమారోమ్, మెక్సికోలోని రెయ్నోసా ఫ్యాక్టరీల్లో కలిపి 4,000 ఉద్యోగాలు తగ్గిస్తామంది, అందులో సాలోవి వెయ్యి. నాలుగు నెలలకే, జూన్ 14న, ప్రపంచమంతా కలిపి 10,000 ఉద్యోగాలు పోతాయని, సాలోలో తయారీ పూర్తిగా ఆపేస్తున్నామని ప్రకటించింది. డిజైన్, పరిశోధన మాత్రం ఉంటాయంది.

ఈ మూసివేతని కంపెనీ ఎలా చేసిందో వివరంగా చూడాలి, ఎందుకంటే నా క్లాసులో సగం సమయం దీనికే పోతుంది. 2008లో జర్మనీలోని బోహుమ్ ఫ్యాక్టరీని నోకియా మూసింది, 2,300 మంది ఉద్యోగాలు పోయాయి. కంపెనీ లాభాల్లో ఉండగా చెప్పాపెట్టకుండా ప్రకటించడంతో దేశమంతా మండిపడింది. వేల మంది వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం ఇచ్చిన రాయితీలు వెనక్కి కట్టమంది, రాజకీయ నాయకులు తమ నోకియా ఫోన్లు వదిలేశారు. ఆ పని రొమేనియాలోని జుకు అనే పల్లెకి వెళ్లింది, అది కూడా 2011లో మూతబడింది. బోహుమ్ దెబ్బ తర్వాత కంపెనీ నేర్చుకుంది, 2011లో బ్రిడ్జ్ అనే పథకం పెట్టింది. పదమూడు దేశాల్లో సుమారు 18,000 మందికి అది వర్తించింది, సాలోలో కూడా దాని కేంద్రం ఉంది.

బ్రిడ్జ్‌లో ఉద్యోగం పోతున్న మనిషి ముందు అయిదు దారులు పెట్టేవాళ్లు. కంపెనీలోనే ఇంకో ఉద్యోగం, బయట ఉద్యోగం, సొంత కంపెనీ, కొత్త చదువు, లేదా తనకి నచ్చిన ఇంకేదైనా. సొంత కంపెనీ పెడతానంటే మనిషికి 25,000 యూరోల దాకా ఇచ్చేవాళ్లు, నలుగురు కలిస్తే లక్ష. తిరిగి కట్టనక్కర్లేదు, కంపెనీలో వాటా కూడా అడగలేదు. ఇలా అన్ని దేశాల్లో కలిపి సుమారు వెయ్యి చిన్న కంపెనీలు పుట్టాయి. ఉద్యోగం చివరి రోజు నాటికే దాదాపు 60 శాతం మందికి తర్వాత ఏం చేయబోతున్నారో తెలుసు. ఈ అంకె చెప్పినప్పుడు మా వాళ్లు నమ్మరు. నేను చూసిన మూసివేతల్లో చివరి రోజు గేటు దగ్గర నిలబడి రేపు ఏం చేస్తారు అని అడిగితే పదిమందిలో ఇద్దరు కూడా జవాబు చెప్పలేకపోయారు.

కంపెనీ సాయానికి తోడు ప్రభుత్వ సాయం. ఉద్యోగం పోయినవాళ్లకి నోటీసు కాలంలోనే, జీతంతో, ఉద్యోగం వెతుక్కోవడానికి సెలవు ఇవ్వాలని అక్కడ నియమం ఉంది. ఉపాధి కార్యాలయం మనిషి మనిషికీ ఒక ప్రణాళిక రాస్తుంది. ఒక్కసారిగా పరిశ్రమ పోయిన ప్రాంతాలకు ప్రత్యేక హోదా ఉంటుంది, దానితో అదనపు డబ్బు వస్తుంది, సాలోకి ఆ హోదా ఇచ్చారు. యూరోపియన్ యూనియన్ నిధి నుంచి సాలో కార్మికులు వెయ్యి మంది కోసం యాభై లక్షల యూరోలకు పైగా వచ్చింది, శిక్షణకి, సలహాకి, చిన్న వ్యాపారాలకి. నిరుద్యోగ భృతి జీతాన్ని బట్టి అప్పట్లో 500 రోజుల దాకా వచ్చేది. అరవైకి దగ్గర పడినవాళ్లకి ఆ భృతి పింఛను మొదలయ్యే దాకా సాగేది. జనం దాన్ని గొట్టం అనేవారు. ఒకసారి గొట్టంలోకి వెళితే అటువైపు పింఛనులోనే బయటికొచ్చేవారు.

ఇదంతా విని మా జూనియర్లు, ఇంత సాయం ఉంటే ఇంక బాధేముంది మేడం అంటారు. అక్కడే ఆగమంటాను.

నాకు కనబడిన లోపాలు

ఒకటి, సొంత కంపెనీ దారి ప్రధానంగా ఇంజనీర్లకు పనికొచ్చే దారి. యాంటెన్నా డిజైన్ చేసినవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఆ 25,000 యూరోలతో ఏదో ఒకటి మొదలుపెట్టగలరు. ఇరవై ఏళ్లు లైన్ మీద ఫోన్ పరీక్షించిన యాభై రెండేళ్ల మనిషి ఏం కంపెనీ పెడుతుంది? ఆమెకి మిగిలింది చదువు, లేదా గొట్టం వయసు వచ్చే దాకా ఎదురుచూడటం. అక్కడ చాలామంది వృద్ధుల సంరక్షణ, నర్సింగ్ లాంటి పనులకు శిక్షణ తీసుకున్నారు. అవి గౌరవమైన పనులే, అక్కడ మనుషుల కొరతా ఉంది. కానీ ఆమె వేళ్లలో ఉన్న విద్య, ఒక బోర్డుని చేతిలోకి తీసుకుంటూనే అందులో తేడా పసిగట్టే ఆ నేర్పు, అది ఏ కాగితం మీదా నమోదు కాకుండానే పోయింది. గొట్టం మనిషిని ఆకలి నుంచి కాపాడుతుంది, ఆ మనిషి నేర్పుని మాత్రం ఊరికి దక్కకుండా చేస్తుంది. నా వరకు ఇది ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద నష్టం.

రెండు, దెబ్బ ఒకేసారి పడలేదు. 2012లో లైన్లు పోయాయి, ఇంజనీర్లు మిగిలారు. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. ఆ జులైలో మైక్రోసాఫ్ట్ ఔలు నగరంలోని కేంద్రాన్ని మూసేయాలని నిర్ణయించి సాలోని ఉంచింది, సాలో జనం హమ్మయ్య అనుకున్నారు. సరిగ్గా ఏడాదికి, 2015 జులైలో, సాలో కేంద్రం కూడా మూసేస్తామని ప్రకటన వచ్చింది, సుమారు 1,100 ఉద్యోగాలు. మధ్యలో ఉన్న ఆ మూడేళ్లని ఊరు ఇంకా పెద్ద కంపెనీ ఉంది కదా అన్న ధైర్యంతో గడిపింది. నేనైతే దీన్ని తప్పు అనను, ఎవరైనా అలాగే ఆశపడతారు. కాకపోతే మొదటి దెబ్బ పడ్డ రోజునే రెండో దెబ్బకి లెక్క వేసి పెట్టుకోవడం మాలాంటి వాళ్ల పని, ఆ పని ఎవరో ఒకరు చేసి ఉండాల్సింది.

మూడోది మంచి రోజుల సంగతి. ఒక ఊళ్లో ఒక కంపెనీ అంత మంచి జీతాలిస్తుంటే పక్కన చిన్న వర్క్‌షాప్ నడిపేవాడికి మనిషి దొరకడు. బడి పూర్తి చేసిన పిల్లలకి ఇంకో ఆలోచన రాదు. సప్లయర్ కంపెనీలు ఉన్నా వాటి కస్టమర్ ఒక్కరే. ఊరికి డబ్బుకి లోటు లేదు కాబట్టి ఎవరికీ తొందర లేదు. ఇది శ్రీపెరంబుదూరులో కూడా కళ్లారా చూశాను. అయితే సాలోలోనే దీనికి ఎదురు నిలిచే ఉదాహరణలు రెండున్నాయి, అవి చిన్నవి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

మొబిరా నడిపిన యోర్మా నియెమినెన్ 1988లో బయటికొచ్చి అదే ఊళ్లో బెనెఫోన్ అని పెట్టారు. 1999లో జీపీఎస్ ఉన్న జీఎస్ఎం ఫోన్ తెచ్చింది ఆ కంపెనీ, ఇప్పుడు మనం రోజూ వాడే దాన్ని అప్పుడే. వ్యాపారంగా పెద్దగా నిలబడలేదు, కానీ దాని తర్వాతి రూపం ట్విగ్ ఇప్పటికీ సాలోలోనే ఉంది, ఒంటరిగా పని చేసేవాళ్లు ఆపద వస్తే నొక్కే అలారం పరికరాలు తయారు చేస్తుంది. ముప్పై ఏళ్లకి పైగా అదే నేర్పు, వేరే అవసరానికి.

రెండోది సాల్‌కాంప్. పేరులోని మొదటి ముక్క సలోరా నుంచి వచ్చిందే. 1970లలో సలోరా విడిభాగాల శాఖగా మొదలై, తర్వాత ఫోన్ చార్జర్ల కంపెనీగా ఎదిగింది, కేంద్ర కార్యాలయం సాలోలో. తయారీని చాలా ముందే ఆసియాకి మార్చింది, నోకియాకే కాకుండా మిగతా కంపెనీలకూ అమ్మింది. ఈ రెండో సంగతి వల్లనే నోకియాతో పాటు మునగలేదని నేను అనుకుంటాను.

ఇక్కడే ఈ కేసు మన వైపు తిరుగుతుంది.

శ్రీపెరంబుదూరు నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలైంది. పన్నుల వివాదం వల్ల మైక్రోసాఫ్ట్‌కి అమ్మిన ఆస్తుల్లో అది చేరలేదు, ఆర్డర్లు ఆగాయి, చాలామంది వీఆర్‌ఎస్ తీసుకున్నారు, 2014 నవంబర్ 1న మూతబడింది. నేను అప్పుడు దానికి సామాను ఇచ్చే ఒక చిన్న కంపెనీలో ఉన్నాను, మాది దానికి నెల ముందే ఆగిపోయింది. సూళ్లూరుపేట నుంచి రోజూ కంపెనీ బస్సులో వచ్చే ఒక అమ్మాయి సెటిల్మెంట్ కాగితం మీద సంతకం పెట్టి, "మేడం, ఇంకో కంపెనీలో నీకేం వచ్చు అని అడిగితే ఏం చెప్పేది మేడం?" అంది. ఆరేళ్లు టెస్టింగ్‌లో ఉంది, ఏ మెషిన్ ఎందుకు ఆగిందో మెయింటెనెన్స్ వాళ్లకన్నా ముందు చెప్పేది. నేనిచ్చిన అనుభవ పత్రంలో ఉన్నది ఒక్కటే మాట, ఆపరేటర్. ఆ పత్రం మీద సంతకం నాదే. ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, సాలో గురించి చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

2019 నవంబర్‌లో, అయిదేళ్లు తాళం పడి ఉన్న ఆ నోకియా ఫ్యాక్టరీని సాల్‌కాంప్ తీసుకుంటోందని కేంద్ర మంత్రి ప్రకటించారు. అప్పటికి దాని యాజమాన్యం చైనా కంపెనీది, అయినా దాని మూలం సాలోలోని సలోరాయే. ఆ షెడ్లలో మళ్లీ చార్జర్ల పని మొదలైంది, వేల మందికి ఉద్యోగాలొచ్చాయి. సాలోలో రేడియోలు చేసిన చేతుల నుంచి మొదలైన ఒక కంపెనీ మా వైపు మూతబడ్డ గేటు తెరిచింది. ఈ మాట మొదటిసారి తెలిసినప్పుడు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మరి సాలో ఇప్పుడెలా ఉంది? జనాభా 51 వేల దగ్గరికి తగ్గింది. నోకియా భవనాలని ప్రైవేటు పెట్టుబడిదారులు కొని ఐఓటీ (ఇంటర్నెట్‌కి కలిపే పరికరాలు) క్యాంపస్ అని పేరు పెట్టి చిన్న చిన్న కంపెనీలకి అద్దెకిచ్చారు, పరిశోధనకి, పరీక్షలకి కావలసిన గదులు, పరికరాలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి అది తెలివైన పని. 2019లో వాల్మెట్ ఆటోమోటివ్ అక్కడే విద్యుత్ వాహనాల బ్యాటరీ ఫ్యాక్టరీ తెరిచింది. ఒకప్పుడు ఫోన్లు బిగించిన చోట బ్యాటరీలు బిగించడం మొదలైంది. ఇది సంతోషించాల్సిన విషయమే, అయితే అదీ కార్ల కంపెనీల ఆర్డర్ల మీద ఆధారపడే పని, ఆర్డర్లు తగ్గితే మళ్లీ యూ-టే మాట వినాల్సిందే. నేను ఆ ఊరి కౌన్సిల్లో ఉండి ఉంటే బ్యాటరీ ఫ్యాక్టరీ రిబ్బన్ కత్తిరించిన రోజే అక్కడ చేరినవాళ్ల నేర్పుల పట్టిక మొదలుపెట్టమని అడిగేదాన్ని.

నేను ఇప్పుడున్న చోట చేయిస్తున్నది అదే. ఏడాదికి ఒకసారి లైన్ మీద ఉన్న ప్రతి మనిషితో పదిహేను నిమిషాలు కూర్చుంటాం, ఏ మెషిన్ తెలుసు, ఏ తప్పు పట్టగలరు, ఎవరికి నేర్పారు అని అడిగి తెలుగులోనో తమిళంలోనో వాళ్ల మాటల్లోనే రాస్తాం, ఒక కాపీ వాళ్ల చేతికే ఇస్తాం. ప్రొడక్షన్ వాళ్లకి ఆ పదిహేను నిమిషాలు దండగ అనిపిస్తాయి, ప్రతిసారీ గొడవే. ఏడు లైన్లలో ఈ ఏడాది మూడు పూర్తయ్యాయి, నాలుగో లైన్ నైట్ షిఫ్ట్ వాళ్లది వచ్చే వారం మొదలుపెడుతున్నాం.